తెల్లని పూత

"కదలొద్దు మేడమ్, గంటసేపు గిట్లనే ఉండాలె" అని సిస్టర్ ఆఫ్రీన్ పాపను నా రొమ్ముల నడుమ బోర్లా పడుకోబెట్టి, ఇద్దరినీ కలిపి మెత్తటి గుడ్డతో చుట్టి, దాని తలమీది ఊలు టోపీ సవరించి పక్క ఉయ్యాల దగ్గరికి వెళ్ళిపోయింది. కదలమన్నా కదలను. ఊపిరి పీల్చుకోవడానికే భయంగా ఉంది, నా ఊపిరికి ఇది ఎక్కడ జారిపోతుందోనని. బరువే లేదు. ఉతికి ఆరేసిన చేతిరుమాలును గుండెల మీద పరిచినట్టుంది, కాకపోతే ఈ రుమాలు వెచ్చగా ఉంది, దానికొక చిన్న గుండె ఉంది, అది నా గుండె కంటే ఎన్నో రెట్లు తొందరపడుతోంది. వెన్ను మీద వేలు ఆనిస్తే పూసలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. చర్మం ఎంత పలచనంటే లోపలి సన్నని నీలి నరాలు కనిపిస్తున్నాయి. చర్మం కింద ఉండాల్సింది లేదు. ఆ లేనిదాని పేరు నాకు బాగా తెలుసు, బోధన్ జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతూ ఏటేటా బోర్డు మీద రాసే పేరే, కొవ్వు, లిపిడ్లు, నీళ్ళలో కరగనివి, పిల్లలు పరీక్షలో ఎప్పుడూ వదిలేసే ప్రశ్న. ఆ కొవ్వే నా తొడల్లో, నా నడుము చుట్టూ ఇంత పేరుకుని ఉంది కదా, ఒక పిడికెడు దీనికి అంటించే దారి ఉంటే ఎంత బాగుండు అనిపించింది, పిచ్చి ఆలోచన, కానీ ఈ గంటలో పిచ్చివే వస్తున్నాయి.

కన్న బిడ్డను తాకడం నాకు ఇదే మొదలు. ఎనిమిదో నెల పడీ పడగానే బీపీ పెరిగి, ఆపరేషన్ చేసి దీన్ని బయటికి తీశారు, తీసిన గంటలోనే నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ఈ పిల్లల దవాఖానకు తెచ్చారు, నాకేమో కుట్లు చీము పట్టి జ్వరం, వినాయక్‌నగర్‌లో ఇంట్లో మంచం మీద నేను, ఇక్కడ గాజు పెట్టెలో అది. నేను రాలేకపోయాను కానీ నా పాలు వచ్చాయి. గిన్నెలోకి పిండి ఇస్తే అత్తమ్మ ఫ్రిజ్‌లో దాచి, చిన్న డబ్బాల్లో పోసి, ఐసుముక్కల సంచిలో పెట్టుకుని ఆటోలో రోజూ తెచ్చింది. ఇప్పుడు కూడా ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని నా పక్క స్టూలు మీద కూర్చుని ఉంది, కాళ్ళకు దవాఖాన వాళ్ళిచ్చిన నీలం తొడుగులు, కొంగు తలమీదుగా. పొద్దున డాక్టరమ్మ నాతో మెల్లగా అంది, పాలు అరుగుతున్నాయి, ఊపిరి బాగుంది, కానీ బరువు పెరగడం లేదమ్మా, ఎందుకో తెలియడం లేదు, రేపు పొద్దున తూచి చూస్తాను, అప్పటికీ పెరగకపోతే హైదరాబాద్ పంపించేద్దాం. ఇంత ప్రాణాన్ని అంబులెన్స్‌లో వేసుకుని అంత దూరం. నాగేందర్, పాప వాళ్ళ నాన్న, ఎందుకైనా మంచిదని కిందికి వెళ్ళి ఆ బండి సంగతే మాట్లాడుతున్నాడు. రేపు పొద్దున అన్న మాట తప్ప నాలో ఇంకేమీ లేదనుకున్నాను, కానీ మధ్యాహ్నపు ఏసీ గదిలో, మానిటర్ల మెత్తటి చప్పుళ్ళలో, ఈ వెచ్చదనం కింద, కళ్ళు వాటంతట అవే మూతపడుతున్నాయి.

కళ్ళు మూస్తే తెలుపు. దీన్ని బయటికి తీసినప్పుడు మత్తులో ఒక్క క్షణం చూశాను, ఒంటిమీద అక్కడక్కడా తెల్లగా, వెన్నలాంటి పూత, చంకల్లో, చెవుల వెనక. ఇంకొన్ని వారాలు లోపలే ఉంటే ఒళ్ళంతా దట్టంగా పట్టేది, కడుపులో నీళ్ళలో అన్ని నెలలు నానినా చర్మం పాడవకుండా ఆ పూతే కాస్తుంది, దీనికి ఇంకా సరిగా పట్టనే లేదు, బట్టలు తొడుక్కోకముందే వీధిలోకి వచ్చేసిన పిల్లలా వచ్చేసింది. ఆ తెలుపు ఎక్కడో చూశాను అనుకున్నాను అప్పుడే, మత్తులోనే, ఎక్కడో, చాలా చిన్నప్పుడు. చెరుకు. చెరుకు గడ మీద ఉండే తెల్లని పూత. బోధన్ పక్క మా చెరుకు చేలో, ఆకు రాలిన కణుపుల కింద, ఊదారంగు గడ మీద పిండి చల్లినట్టు ఉండేది, బొటనవేలితో రుద్దితే కింద గడ నిగనిగా బయటపడేది. గోటితో నా పేరు రాసేదాన్ని, శ్రీవాణి, కింది కణుపు మీద బాపు పేరు, లక్ష్మీరాజం, అది పొడుగు పేరు, పట్టక చివర్లు గడ చుట్టూ తిరిగిపోయేవి. బాపు కొడవలి పట్టుకుని వస్తూ వస్తూ చూసి, "తుడువకు బిడ్డా, అది చెరుకు తొడుక్కున్న అంగి. ఎండకు లోపలి నీళ్ళు ఎగిరిపోకుంట గదే పట్టి ఉంచుతది" అనేవాడు. నేను వినేదాన్ని కాదు, అంగి లేని గడ తియ్యగా ఉండదా అని అడిగేదాన్ని, బాపు నవ్వి విరిచి ఇచ్చేవాడు, తియ్యగానే ఉండేది. తర్వాత ఎమ్మెస్సీలో దాని పేరు మైనం అని, అది కూడా లిపిడ్ అనీ చదివినప్పుడు, నిజామాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అంగి, అంగి అనుకుంటూ వచ్చాను, అప్పటికి బాపు లేడు, చెప్పడానికి. చక్కెర ఫ్యాక్టరీ కూత కూడా ఆగిపోయింది. చెరుకు బండ్లు ఆ దారిన రావడం మానేశాయి. నా అరచేయి పాప వీపు మీద ఉంది, రుద్దడం లేదు, ఊరికే కప్పుకుని ఉంది.

నేను చక్కెర ఊరి దాన్ని. మా గాలిలోనే పాకం వాసన ఉండేది, ఒకప్పుడు. అందుకేనేమో నాకు క్లాసులో కార్బోహైడ్రేట్ల మీద కొంచెం పక్షపాతం, వాటికి ఎక్కువ సమయం ఇచ్చి లిపిడ్లను చివర్లో లాగించేసేదాన్ని. చక్కెర చేతిలో చిల్లర, వచ్చినట్టే ఖర్చవుతుంది, కొవ్వు గాదెలో ధాన్యం, అని చెప్పి ముగించేదాన్ని. అదే బరువు చక్కెరకంటే కొవ్వు రెండింతలకు పైగా శక్తిని ఇస్తుందని పిల్లలతో రాయించేదాన్ని. ఒక గ్లిసరాల్, దానికి మూడు ఫాటీ ఆమ్లాలు, బోర్డు మీద మూడు పళ్ళ దువ్వెనలా గీసి, ఇదేనర్రా మీ నెయ్యి, మీ నూనె, మీ పొట్ట అంటే అందరూ నవ్వేవాళ్ళు. లైబా మాత్రం నవ్వలేదు. మొదటి బెంచీ పిల్ల, తెల్ల స్కార్ఫ్, ప్రతిదానికీ ఒక సందేహం. "మేడమ్, మనం అంతా నీళ్ళే అంటరు కదా, మరి వానల తడిస్తె ఎందుకు కరిగిపోం?" అంది ఒక రోజు. క్లాసంతా గొల్లుమంది. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే అంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఆ రోజు వాళ్ళను వరండాలోకి తీసుకెళ్ళాను. ఆడపిల్లలందరికీ రెండేసి జడలు. చూడండి, ఫాస్ఫోలిపిడ్ అంటే రెండు జడల పిల్ల, తలకు నీళ్ళంటే ఇష్టం, జడలకు నీళ్ళంటే పడదు, ఇప్పుడు రెండు వరుసలుగా నిలబడండి, వరుసల వీపులు ఒకదానికొకటి, మొహాలు బయటికి, జడలు లోపలికి. నిలబడ్డారు, కిలకిలమంటూ, భుజానికి భుజం ఆనించి. వరండాకు ఇటు నీళ్ళు, అటు నీళ్ళు, మధ్యలో జడల గోడ, ఇదే మీ ప్రతి కణం చుట్టూ ఉన్న గోడ, ఇది కరగదు, ఇది ఉండబట్టే లోపల లోపలగా, బయట బయటగా ఉంటాయి, వానలో మనం మిగులుతాం. కొందరి జడలు వంకరపోయి ఉంటాయి, అందుకే దగ్గరగా నొక్కుకోలేరు, గోడ గట్టిపడకుండా మెత్తగా కదులుతూ ఉంటుంది, తిన్నని జడలన్నీ ఒక్కచోట చేరితే చలికాలం నెయ్యిలా గడ్డకడుతుంది. లైబా తన స్కార్ఫ్ కొనలు రెండూ వెనక్కి వేసుకుని, నావి జడలే మేడమ్ అంటూ వరుసలో దూరింది. గాలి వచ్చింది, వరుస మొత్తం ఒక్కసారి అలలా ఊగింది, ఒక్కరూ విడిపోలేదు. ఇప్పుడు నా గుండె మీద ఆ వరండా ఉంది. ఈ చిన్న ఒంట్లో ఎన్ని కోట్ల వరండాలు, ప్రతి దానిలో భుజానికి భుజం ఆనించి నిలబడ్డ పిల్లలు, ఇంకా కొత్త పిల్లలు కావాలి, రోజూ కావాలి, గోడ పెరగాలంటే, మెదడు పెరగాలంటే, నరాల మీద తొడుగు పడాలంటే. ఎక్కడి నుంచి వస్తారు వాళ్ళంతా? పాలలోంచే కదా, ఇంకెక్కడి నుంచి. పాప ఒకసారి మూలిగి నోరు చప్పరించింది.

దీని మొదటి ఊపిరి కూడా అలాంటి పిల్లలే ఇచ్చారు. పుట్టిన రోజు సాయంత్రం నాగేందర్ ఫోన్ చేసి, "ఊపిరితిత్తులు అతుక్కపోతున్నయంట వాణీ, గొట్టంల నుంచి ఏదో తెల్లమందు లోపటికి పోసిండ్రు, జెర నయమైంది" అని చెప్పాడు. నేను మంచం మీద ఇంకా దిగని మత్తులో నవ్వాను, పక్కన ఉన్నవాళ్ళకు పిచ్చెక్కిందేమో అనిపించి ఉంటుంది. అది ఏమిటో నాకు తెలుసు. ఊపిరితిత్తుల్లోని గాలి బుడగల తడి గోడలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యన పరుచుకునే పొర, నిండు నెలల్లో బిడ్డ తనకు తానే తయారు చేసుకునేది, అది కూడా తల, రెండు జడలు. ఏ జంతువు ఊపిరితిత్తుల నుంచి తీశారో, ఎవరు సీసాలో పట్టారో, మా బోధన్ బిడ్డ లోపలికి వెళ్ళి వరుసగా నిలబడ్డారు, ఊపిరి తెరుచుకుంది. ఇప్పుడు ఊపిరికి ముక్కులో సన్నని గొట్టం ఒక్కటే. లోపలికి, బయటికి, లోపలికి, నా గుండెల మీద తడుతూ పోతోంది. ఆ తర్వాత జ్వరం రోజులన్నీ ఇలాగే, అల మీద తేలుతున్నట్టే గడిచాయి, నుదుటి మీద తడిగుడ్డ, మారుస్తున్న చేయి అత్తమ్మది.

అత్తమ్మ చేయి గురించి ఎంతైనా చెప్పొచ్చు. పేరు శ్యామలమ్మ, పుట్టింది వేల్పూర్, పసుపు చేల మధ్య, ఇప్పటికీ ఆమె గోళ్ళలో ఆ పసుపు వదలలేదేమో అనిపిస్తుంది. ఇంటి నిండా బర్రెలు ఉండేవట, టౌనుకు వచ్చాక బర్రెలు పోయాయి కానీ పాల మీద పెత్తనం పోలేదు. మా ఇంట్లో పాలు ఎవరు తెచ్చినా కాచేది ఆమె, చల్లార్చేది ఆమె, మీగడ తీసేది ఆమె. ఆ తీయడం చూడాలి. గిన్నె అంచు చుట్టూ గరిటె కొనతో ఒక్క చుట్టు చుట్టి, అటు చివర పట్టి ఎత్తిందంటే మీగడ మొత్తం దుప్పటిలా ఒకే ముక్కగా లేస్తుంది, కింద పాలు కదలవు. పెళ్ళైన కొత్తలో నేను ప్రయత్నిస్తే ముక్కలు ముక్కలై పాలలో మునిగింది, "బాటనీ మేడమ్ కు మీగడ రాదు" అని నెలంతా ఏడిపించింది. నేనేమన్నా తక్కువ తిన్నానా, ఆమె నెయ్యి కాచిన రోజున గ్లిసరాల్ పాఠం మొత్తం వంటింట్లో చెప్పి ఆమె తల తినేదాన్ని. ఒకరికొకరం మాటకు మాట అప్పజెప్పుకుంటూనే ఇన్నేళ్ళూ నడిచాం. జ్వరంలో నా జుట్టు చిక్కు తీసి, నూనె రాసి, చిన్నపిల్లలా రెండు జడలు వేసింది, ఇప్పుడు కూడా ఆ రెండు జడలతోనే ఉన్నాను, లైబా చూస్తే ఏమంటుందో.

"పాప బువ్వ టైమైంది" అన్న మాటకు కళ్ళు తెరిచాను, సగమే. ఆఫ్రీన్ అత్తమ్మ సంచిలోంచి డబ్బా తీసుకుని, వెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, పాప నోట్లోంచి కడుపులోకి వెళ్ళే సన్నని గొట్టానికి పిస్టన్ లేని సిరంజి తగిలించింది. అందులో పాలు పోసి పైకెత్తి పట్టుకుంది. ఎవరూ నెట్టడం లేదు, పాలు వాటి బరువుకు అవే దిగుతున్నాయి. కిటికీ వెలుతురు సిరంజిలోంచి పడుతోంది. ఎంత బాగుంది అనుకున్నాను, కలలో ఉన్నట్టే, నీలంగా, బియ్యం కడిగిన నీళ్ళలా, లోపలి నుంచి దీపం పెట్టినట్టు. పాలు దిగుతున్న కొద్దీ సిరంజి గోడ వెనక శుభ్రంగా మిగులుతోంది. గాజులా మెరుస్తోంది. నీళ్ళు దిగినట్టు దిగుతున్నాయి. నీళ్ళు. నీళ్ళు దేనికీ అంటుకోవు. నా రొమ్ము నుంచి వచ్చి రాత్రంతా ఫ్రిజ్‌లో నిలవున్న పాలు ఇవి, పైన చిక్కటి పొర కట్టి ఉండాలి, వెచ్చబెట్టినా గోడకు తెల్లగా చార పట్టాలి, నా వేళ్ళకు, నా రవిక లోపలికి అంటి వదలని జిడ్డు అది, ఏది? చార ఏది? గిన్నె కళ్ళ ముందుకు వచ్చింది, ఫ్రిజ్ తలుపు, తెల్లారగట్ల మంచం మీద నుంచి వినిపించిన చప్పుడు, స్టీలు గిన్నె అంచు చుట్టూ చెంచా ఒక్క చుట్టు. రోజూ విన్నాను ఆ చప్పుడు. జ్వరంలో అది ఇంటి చప్పుడని హాయిగా నిద్రపోయాను. తల, రెండు జడలు, వరండా మొత్తం ఖాళీ, పిల్లలు ఒక్కరూ రాలేదు, ఎందుకంటే గేటు దగ్గరే ఎవరో ఎత్తి పక్కన పెట్టేస్తున్నారు, ఒకే ముక్కగా, దుప్పటిలా. బరువు ఎందుకు పెరగలేదో నాకు తెలిసిపోయింది.

"ఆపు సిస్టర్" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ అన్నాను. ఆఫ్రీన్ గొట్టాన్ని వేళ్ళతో మడిచి పట్టుకుని నా వైపు చూసింది. కోపం నా కడుపులోంచి లేచింది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానంత, లేచి నిలబడి ఆ సంచిని గోడకేసి కొట్టాలన్నంత, నా బిడ్డ ఎముకల మీద ఉండాల్సిన కండ నీ చెంచాలో ఉంది అని ఖలీల్‌వాడి మొత్తానికి వినపడేలా అరవాలన్నంత. అరవలేను. నా మీద అది పడుకుని ఉంది. నా గుండె దడదడ దాని చెవికి డప్పులా తగిలి ఉంటుంది, చేతులు రెండూ ఒక్కసారిగా విదిల్చింది, మానిటర్ గబగబా కూయడం మొదలుపెట్టింది. "మేడమ్, మీ దిల్ మస్తు కొట్టుకుంటున్నది, పాపకు తెలుస్తది. మెల్లగ. ఊపిరి మెల్లగ తీస్కోండి" అంది ఆఫ్రీన్. కోపం ఉన్న ఒంటిని మెత్తగా ఉంచడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. లోపలికి, బయటికి. చెరుకు చేలో గాలి. కణుపుల మీద తెలుపు. తుడవకు బిడ్డా. లోపలికి, బయటికి. మానిటర్ నెమ్మదించింది.

"అత్తమ్మా, పాల మీద మీగడ తీస్తున్నవా?" అని అడిగాను, జోలపాట పాడే గొంతుతో, ఎందుకంటే ఆ గొంతు తప్ప ఇంకోటి వాడే హక్కు నాకు లేదు.

ఆమె ఏ తడబాటూ లేకుండా తలూపింది. "తియ్యనా మరి. గంత చిక్కటి పాలు గీ పిట్టంత దానికి ఎట్లరుగుతయ్ బిడ్డా? పల్చగ చేసే తెస్తున్న రోజు. పారెయ్యలే, చిన్న గిన్నెల పెట్టి ఫ్రిజ్ల గడ్డకట్టే డబ్బల దాచిన. ఇంటికొచ్చినంక పసుపు కలిపి నలుగు పెడ్దామని. తల్లి పాల మీగడకు మించింది లేదు ఒంటికి."

ఇంటికి వచ్చాక. ఈ మనిషికి ఒక్క రోజు కూడా అనుమానం రాలేదన్నమాట, ఇది ఇంటికి వస్తుందని, నలుగు పెట్టించుకుంటుందని. నేను మంచం మీద పడి ఏడ్చిన రోజుల్లో ఆమె రోజూ కొంచెం కొంచెం ఆ రోజును దాస్తూ వచ్చింది. కోపం తగ్గలేదు. తగ్గకుండానే దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. ఆఫ్రీన్ మాత్రం ఊరుకోలేదు, "అయ్యో అమ్మా, బరువంత గా మీగడలనే కద ఉంటది. గదే తీసేస్తే ఇంక పిల్లకు ఏం మిగిలె?" అంది, తిట్టినట్టు కాదు, కానీ అత్తమ్మ మొహంలో రంగు పోయింది. సంచి ఒళ్ళోంచి జారింది. ఆ తర్వాత నాతో కాదు, ఆఫ్రీన్‌తో కాదు, పాప టోపీతో చెప్పినట్టు చెప్పింది.

"నా పెద్ద పిలగాడు గిట్లనే నెలలు నిండక పుట్టిండు. నాగేందర్ కంటె ముందటోడు. నాకు పాలు పడలే. మా అత్త బర్రె పాలు మీగడతోని కాగబెట్టి దూదితోని పోసింది, బలమొస్తదని. పొద్దుగూకేటాల్లకు కడుపు ఉబ్బింది. రాయి లెక్కైంది. నా చెయ్యి కిందనే ఉండె ఆ కడుపు. పేరు గూడ పెట్టలే వానికి." ఆగి, కొంగుతో మూతి తుడుచుకుని, "అప్పటిసంది చిన్నపిల్లలకు మీగడ పాలంటే నాకు దడ" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నాగేందర్‌కు తెలుసో లేదో. వంటింట్లో నేను గ్లిసరాల్ పాఠం చెప్పి నవ్వించిన ప్రతిసారీ ఈమె చేతి కింద ఆ కడుపు ఉండి ఉంటుంది. అది బర్రె పాల కొవ్వు, బర్రె దూడ కోసం పుట్టిన కొవ్వు, అంత బలహీనమైన కడుపు దాన్ని విరవలేదు, ఇది నాది, దీన్ని అరిగించుకునే రసం కూడా పాలతోపాటే వస్తుంది, తాళంచెవి తాళంతోనే వచ్చినట్టు, అని చెప్పడానికి నోటి దాకా వచ్చింది. పాఠంలా వచ్చింది. మింగేసి, "ఆ పాలు వేరు అత్తమ్మా. ఇవి దాని కోసమే వచ్చినయ్" అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియలేదు.

ఆఫ్రీన్ సిరంజి తీసేసి, గొట్టానికి చిన్న మూత పెట్టి, శుభ్రమైన గిన్నె తెచ్చి, గుడ్డ ఒక పక్కకు తొలగించింది. పాప అటు పక్కన, గిన్నె ఇటు పక్కన. పిండుతుంటే కుట్లు సలిపాయి. మొదట వచ్చినవి పలుచగా, నీలంగా వచ్చాయి. వాటిని వేరే పెట్టమన్నాను. పిండుతూ ఉంటే, దాని వేడి నాకు తగులుతూ ఉంటే, రావడం మారింది, ధార నెమ్మదించింది, చిక్కబడింది, మీగడ రంగు, లేత పసుపు కలిసిన తెలుపు. చివర్న వచ్చే పాలలోనే అంతా ఉంటుంది. ఎన్ని తరగతులకు చెప్పి ఉంటాను, పాలలో కొవ్వు సన్నని గోళీలుగా తేలుతుంటుందని, ఒక్కో గోళీ చుట్టూ మళ్ళీ అదే రెండు జడల పిల్లల గోడ ఉంటుందని, అందుకే నీళ్ళలో ఉండి కూడా నీళ్ళలో కలవదని. ఇప్పుడు గిన్నె అడుగున ఆ వరండా అంతా మెరుస్తోంది. రండి, అన్నాను లోపల్లోపల, అందరూ రండి, ఒక్కరూ ఆగకండి.

ఆ చిక్కటి పాలు కొత్త సిరంజిలో పోశాక ఆఫ్రీన్ దాన్ని అత్తమ్మ చేతికిచ్చింది. "మీరే పట్టుకోండమ్మా. గింత ఎత్తుల. అంతకు మించి లేపొద్దు" అంది. ఆఫ్రీన్‌కు అలా తోచడం నాకు ఆశ్చర్యమైంది, నాకు తోచలేదు. అత్తమ్మ చేతులు కడుక్కుని వచ్చి, రెండు చేతులతో పట్టుకుంది, జీవితమంతా మీగడ ఎత్తిన చేతులతో. పాలు కదలలేదు, చిక్కనివి కదా, ఆగి ఆగి దిగాయి. "ఇది పోతే దీనికేం గాదు గద వాణీ?" అంది. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు, నన్ను ఏడిపించే గొంతు కాదు, ఒక బాలింత గొంతు. ఏం కాదు అన్నాను. రేపు పొద్దున తూకంలో ఏముంటుందో నాకూ తెలియదు, ఒక్క పూట పాలకు ముల్లు కదులుతుందో లేదో, డాక్టరమ్మ ఇంకో రోజు ఆగుతుందో లేదో, కానీ ఏం కాదు అని గట్టిగానే అన్నాను. పాలు దిగాక సిరంజి గోడ మీద పైనుంచి కింది దాకా తెల్లని పూత మిగిలింది. చెరుకు మీది పూతే. ఆఫ్రీన్ తీసేయబోతుంటే అత్తమ్మ ఇవ్వలేదు. "గోడకంటింది గూడ పోనియ్ బిడ్డా, గదే కదా బరువన్నవు" అంది. ఆఫ్రీన్ నవ్వి, పక్కన పెట్టిన పలుచని పాల చుక్కలు నాలుగు పోసి, గోడ కడిగి, అవి కూడా దింపింది.

నాగేందర్ తలుపు అద్దంలోంచి చూసి, బండి దొరికింది అన్నట్టు తలూపి, మా ముగ్గురినీ చూసి లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. గంట అయిపోవచ్చింది. ఎండ కిటికీ దాటి గోడ మీదికి వెళ్ళింది. అత్తమ్మ గుడ్డ కిందికి చేయి పోనిచ్చి, పాప పొట్టకూ నా ఒంటికీ మధ్య తన అరచేయి పెట్టింది. ఎందుకో అడగలేదు. ఆ చేయి కదలకుండా ఉంది, ఎదురు చూస్తూ, ఎన్ని దశాబ్దాల వెనక నుంచో ఎదురు చూస్తూ. దాని గట్టి చర్మం నాకు తగులుతోంది, అటు వైపు పాపకూ తగులుతూ ఉంటుంది. "టైమైంది అమ్మా, ఇంక లోపల పెట్టాలె" అని ఆఫ్రీన్ రెండుసార్లు అన్నా తీయలేదు. పాప నిద్రలో చిన్నగా తేన్చి, కాలు చాచి, మళ్ళీ ముడుచుకుంది. అప్పుడు అత్తమ్మ నా మొహంలోకి చూసింది.

"ఉబ్బలే బిడ్డా" అంది. "కడుపు మెత్తగనే ఉన్నది."